బాలెనోకి ఏ టైర్లు వేయించాలి: ఎండకీ వానకీ కలిపి చూడాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని కుదించి రాస్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మధురవాడలో ఉంటావు, బాలెనో, 195/55 ఆర్16 టైర్లు, ఐదేళ్లు దాటాయి, నలభై వేల కిలోమీటర్ల పైనే తిరిగాయి. వారం వారం రాజమండ్రి వెళ్లి రావాలి, ఎప్పుడైనా పిల్లలతో అరకు. ఎండలు ముదిరేలోపు నాలుగూ మార్చేద్దామనుకుంటే ఒక షాపాయన ఎక్కువ కాలం మన్నే టైరు చూపించాడు, ఇంకొకాయన బాగా ఎక్కువ ధర ఉన్న టూరింగ్ (దూరప్రయాణాలకి చేసిన) టైరు తీసుకోమన్నాడు. మీ మామయ్యగారేమో టైరు ఏదైనా ఒకటే, ఎండాకాలం గాలి నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టిస్తే పేలదు అన్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి, అసలు సమ్మర్ టైరు అంటే ఏంటి అని అడిగావు.

సూటిగా చెప్తాను. మామయ్యగారి మాట మాత్రం అస్సలు వినకు. ఎక్కువ కాలం మన్నే టైరు నీ వాడకానికి సరిపడదు. టూరింగ్ రకమే తీసుకో, అందులోనూ తడి రోడ్డు మీద బ్రేకు బాగా పట్టేది. డబ్బు దగ్గర ఇబ్బందైతే బ్రాండ్ ఒక మెట్టు తగ్గించుకో కానీ రకం మార్చకు. ఎండల కోసం టైర్లు కొంటున్నానని నువ్వు అనుకుంటున్నావు, కానీ మన దగ్గర ఎండ ఒక్కటే ఎన్నాళ్లుంటుంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అది దాటిందంటే మృగశిర. మే నెలలో వేయించిన ఆ టైర్లే జూన్ తొలకరిలోనూ, అక్టోబరు తుఫాను వానల్లోనూ నీ బండిని ఆపాలి. విశాఖలో భారీ వానలు పడే నెలల్లో అక్టోబరు ముందుంటుంది, హుద్‌హుద్ మన మీద పడింది కూడా 2014 అక్టోబరు 12నే. అందుకని ఎండకి తట్టుకోవడం ఒక్కటే చూసి టైరు ఎంచుకుంటే సగం పనే అయినట్టు.

గాజువాకలో టైర్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, అమ్మిన టైర్ల కన్నా రిమ్ నుంచి విప్పి లోపల చూసిన టైర్లే ఎక్కువ, ఆ అనుభవంతోనే గాలి సంగతి ముందు చెప్తున్నాను. టైరు ఎండకి పేలదు. తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో, ఎక్కువ వేగంతో ఎండలో పరిగెత్తితే పేలుతుంది. టైరు తిరుగుతున్నప్పుడు రోడ్డుకి ఆనుకున్న భాగం ప్రతి చుట్టుకీ ఒకసారి నలిగి మళ్లీ నిటారుగా లేస్తుంది. గాలి తక్కువైతే ఆ నలగడం ఎక్కువవుతుంది. కట్టుతీగని ఒకే చోట అటూ ఇటూ వంచుతూ ఉంటే అక్కడ వేడెక్కి చివరికి తెగిపోతుంది చూడు, టైరు పక్కగోడ, అంటే సైడువాల్‌లో జరిగేదీ అదే, కాకపోతే వందలో వెళ్తుంటే నిమిషానికి ఎనిమిది వందల సార్లకి పైనే జరుగుతుంది. లోపల పుట్టిన ఆ వేడికి పైనుంచి తారు వేడి తోడవుతుంది. గాలిలో 40 డిగ్రీలున్న మధ్యాహ్నం నల్లటి తారు 60 కూడా దాటుతుంది. అప్పుడు రబ్బరుకీ లోపలి స్టీలు బెల్టుకీ మధ్య అతుకు వదలడం మొదలవుతుంది.

అలా నడిచి పాడైన టైరుని విప్పి లోపల చెయ్యి పెట్టి తిప్పితే నల్లటి రబ్బరు పొడి అరచేతినిండా అంటుకుంటుంది. సైడువాల్ లోపలి వైపు చుట్టూతా ఒక పట్టీలాగా గరుకుగా, నలిగినట్టు కనిపిస్తుంది, కొన్నిసార్లు లోపలి దారాలు బయటపడి ఉంటాయి. బయట నుంచి చూస్తే మాత్రం బటన్లు (రోడ్డుకి తగిలే రబ్బరు దిమ్మలు) బాగున్నట్టే ఉంటుంది, కొత్త టైరే కదన్నా ఎలా పేలింది అని ఓనర్ అడుగుతాడు. కొత్తదే, కానీ పంక్చరై సగం గాలితో కొంత దూరం పరిగెత్తింది, ఆ తర్వాత టైరు విప్పకుండా బయట నుంచే రబ్బరు పురి గుచ్చి గాలి నింపేశారు. అందుకే ఒక్క మాట గుర్తుపెట్టుకో. గాలి బాగా దిగిపోయిన టైరు మీద కాస్త దూరమైనా నడిపి ఉంటే పంక్చర్ వేయించేటప్పుడు రిమ్ నుంచి విప్పించి లోపల చూడమను. పొడి కనిపిస్తే ఆ టైరు హైవేకి పనికిరాదు, ఎంత కొత్తదైనా సరే. స్టీల్ ప్లాంట్ రోడ్డులోనూ, పోర్టు వైపూ లారీల నుంచి రాలిన బోల్టులూ మేకులూ ఎక్కువ కాబట్టి మన ఊళ్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మరి ఎండకి గాలి వ్యాకోచించి ప్రెషర్ పెరుగుతుంది కదా అంటారు మామయ్యగారు. పెరుగుతుంది, అది నిజమే. సుమారుగా ప్రతి ఐదారు డిగ్రీలకి ఒక పీఎస్ఐ, అంటే మనం పాయింటు అనేది, పెరుగుతుంది. పొద్దున్న 33 కొట్టించిన టైరు మధ్యాహ్నం హైవే మీద 37, 38 చూపిస్తుంది. అది టైరుకి కొత్త కాదు, ఆ పెరుగుదల లెక్కలో పెట్టుకునే కారు కంపెనీ చల్లటి టైరుకి ఎంత ఉండాలో చెప్పింది, డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. అందులో ఇద్దరు ఎక్కితే ఎంత, ఫుల్ లోడుకి ఎంత అని వేరువేరుగా రాసి ఉంటే చూసుకో, కుటుంబమంతా సామానుతో బయలుదేరినప్పుడు రెండోది పెట్టించాలి. సైడువాల్ మీద 44 అనో 51 అనో ఉంటుంది, అది ఆ టైరు భరించగల గరిష్ఠం, నువ్వు పెట్టించాల్సింది కాదు. దారిలో అన్నవరం దగ్గర టీకి ఆగి, 38 ఉందని నాలుగు పాయింట్లు వదిలేయించావనుకో, రాత్రి చల్లబడ్డాక అది 29కి వస్తుంది, మర్నాడు అదే తక్కువ గాలితో మళ్లీ హైవే ఎక్కుతావు. వేడి టైరులోంచి గాలి తియ్యకూడదు అనేది అందుకే.

గాలి ఎప్పుడు చూసుకోవాలంటే పొద్దున్నే, బండి కదలకముందు. బంకు రెండు కిలోమీటర్ల లోపుంటే పర్వాలేదు. సొంతంగా చిన్న గేజ్ ఒకటి కొనుక్కో, బంకుల్లో మీటర్లు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయి. ఒకే గేజ్‌తో చూసుకుంటే వారానికి ఎంత తగ్గుతోందో కూడా తెలుస్తుంది. నాలుగింట్లో ఒకటే పదే పదే తగ్గుతుంటే పంక్చరే అనుకోకు. బీచ్ రోడ్డు పక్కన, రుషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్ల బండ్లకి ఉప్పుగాలి వల్ల రిమ్ అంచు తుప్పు పడుతుంది, అల్లాయ్ అయితే తెల్లగా పొక్కుతుంది, టైరు కూర్చునే ఆ అంచు దగ్గర సన్నగా గాలి పోతూ ఉంటుంది. కొత్త టైర్లు వేయించేటప్పుడు ఆ అంచుని వైర్ బ్రష్‌తో శుభ్రం చేయించు, వాల్వులు కూడా కొత్తవి వేయించు, వాటి ఖరీదు ఎంతో కాదు.

నైట్రోజన్ గురించి ఎలాగూ అడుగుతావు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అది కూడా వేడికి దాదాపు అంతే పెరుగుతుంది. తేమ ఉండదు, కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, అంతే. ఉచితంగా కొడితే కొట్టించుకో, దాన్ని నమ్ముకుని నెలల తరబడి చూడకుండా వదిలెయ్యకు.

ఇక సమ్మర్ టైరు. మంచు పడే దేశాల్లో చలికాలానికి వేరే మెత్తటి రబ్బరుతో టైర్లు చేస్తారు, సుమారు 7 డిగ్రీల కంటే కిందకి వెళ్తే అక్కడ మామూలు టైరు గట్టిపడి పట్టు తప్పుతుంది. ఆ మామూలు టైరునే వాళ్లు సమ్మర్ టైరు అంటారు. అంటే వైజాగ్ షాపుల్లో నువ్వు చూసే కారు టైర్లు దాదాపు అన్నీ ఆ కోవలోవే, అరకులో డిసెంబరు రాత్రులు గడ్డకట్టే చలి ఉన్నా రోడ్డు మీద మంచు పేరుకోదు కాబట్టి మనకి చలికాలం టైరు అవసరమే రాదు. సమ్మర్ స్పెషల్ అని ఎవరైనా ఎక్కువ ధర చెప్తే దానికి అర్థం లేదు. ఈ టైర్లలోనే ఎండకి ఎంత తట్టుకుంటుంది, తడిలో ఎంత పడుతుంది, ఎన్నాళ్లు వస్తుంది అన్న మూడింటి మధ్య ఒక్కో కంపెనీ ఒక్కో మోడల్‌లో ఒక్కో విధంగా సర్దుతుంది, పోల్చాల్సింది అక్కడ.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం చూడు. 195/55 ఆర్16 తర్వాత 87వి అని ఉంటే, 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోయగలదని, వి అంటే గంటకి 240 కిలోమీటర్ల వేగం దాకా పరీక్షించారని. హెచ్ అయితే 210, టీ అయితే 190. మనం 240లో ఎక్కడ వెళ్తాం అనకు. ఎక్కువ వేగానికి చేసిన టైరంటే ఎక్కువ వేడికి నిలబడేలా కట్టిన టైరు, నువ్వు వందలో వెళ్తున్నప్పుడు నీకు అంత వెసులుబాటు మిగిలినట్టు. కారుతో వచ్చిన టైరు మీద ఏ అంకె, ఏ అక్షరం ఉన్నాయో వాటికి తగ్గింది ఎంత చౌకగా వచ్చినా తీసుకోకు.

చాలా టైర్ల మీద ఇంకో మూడు గుర్తులుంటాయి, ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని. అమెరికా పద్ధతి ఇది, అన్ని టైర్ల మీదా ఉండదు. టెంపరేచర్‌కి ఏ, బీ, సీ అని మూడు తరగతులు, ఏ అంటే గంటకి సుమారు 185 కిలోమీటర్ల పైన కూడా వేడిని తట్టుకున్నట్టు. నీ హైవే వాడకానికి ఏ ఉన్నదే చూడు. అయితే ఆ పరీక్ష సరైన గాలితో, మించని బరువుతో చేసింది, గాలి తగ్గించి నడిపితే ఏ అన్న అక్షరానికి విలువ లేదు. ట్రాక్షన్‌లో ఏఏ అన్నిటికన్నా పైది, ఆ తర్వాత ఏ, బీ, సీ. ఇది తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేస్తే ఎంత పడుతుందో చెప్తుంది, మలుపులో ఎలా ఉంటుందో చెప్పదు. ట్రెడ్‌వేర్ అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం వస్తుందని లెక్క, 100ని ఆధారంగా పెట్టుకుని కంపెనీలే తమ టైర్లకి వేసుకుంటాయి కాబట్టి ఒకే కంపెనీ రెండు మోడళ్లని పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య దాన్ని పట్టుకుని వాదించుకోవడం దండగ.

తడి పట్టు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎండిపోయిన రోడ్డు మీద పేరున్న టైర్లు ఏవైనా బాగానే ఆగుతాయి, తేడా బయటపడేది తడిలోనే. యూరప్‌లో టైర్లకి తడి పట్టు మీద లేబుల్ ఉంది, పాత లేబుల్ లెక్కల్లో అన్నిటికన్నా పై తరగతికీ ఎఫ్ తరగతికీ మధ్య 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే దూరంలో 18 మీటర్ల దాకా తేడా చెప్పారు. నీ బాలెనో పొడవు నాలుగు మీటర్లు. అంటే ఒక టైరు మీద ఆగిపోయిన బండి, ఇంకో టైరు మీద ఇంకా నాలుగు కార్ల పొడవు ముందుకి జారి వెళ్తుంది. హనుమంతవాక దిగుడులో ముందు లారీ బ్రేకు వేసిందనుకో, ఆ నాలుగు కార్ల పొడవు ఎక్కడి నుంచి తెస్తావు? ఏబీఎస్ ఉంది కదా అంటారు కొందరు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూసి స్టీరింగ్ నీ చేతిలో ఉంచుతుంది, లేని పట్టుని అది పుట్టించలేదు.

మన దేశంలోనూ 2022 అక్టోబరు నుంచి కొత్త డిజైన్ టైర్లకి తడి పట్టు, రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే నిరోధం), శబ్దం మీద కనీస ప్రమాణాలు తెచ్చారు, మంచి పని. కానీ కనీసం అంటే పాసైనట్టు, ఫస్ట్ వచ్చినట్టు కాదు. టైర్ల మీద బీఈఈ (కేంద్రం ఇంధన పొదుపు సంస్థ) స్టార్ గుర్తు కనిపిస్తే అది మైలేజీకి సంబంధించింది, అది చూసి తడిలో బాగా ఆగుతుందని అనుకోకు.

ఇంకో విషయం, నీళ్లు నిలిచిన చోట వేగంగా వెళ్తే టైరు రోడ్డుని వదిలి నీటి మీద తేలిపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. విమానాల టైర్ల మీద నాసా చేసిన పరిశోధనల నుంచి ఒక పాత లెక్క ఉంది, గుండు టైరైతే లేదా గాడుల లోతుని మించి నీళ్లుంటే ఏ వేగంలో తేలుతుందో టైరులోని గాలిని బట్టి చెప్పేది. దాని ప్రకారం 32 పీఎస్ఐకి సుమారు 94 కిలోమీటర్ల వేగం, 24 పీఎస్ఐకి సుమారు 82. కారు టైరుకి అది ఉజ్జాయింపే, అయినా గాలి తగ్గితే వానలోనూ ప్రమాదమే అని దీన్నిబట్టి తెలుస్తోంది కదా. కొత్త టైరు గాడుల్లో 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, చట్టం ఒప్పుకునే కనీసం 1.6. టైరు భుజం మీద, అంటే పైభాగం సైడువాల్ వైపు తిరిగే అంచున, చిన్న త్రిభుజమో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో ఉన్న చోట గాడిలో అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది, బటన్లు దానితో సమానమైతే 1.6కి వచ్చినట్టు. అంతదాకా ఆగొద్దు. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే, అదీ వానాకాలం ముందైతే, మార్చెయ్యి. ఎండాకాలంలో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలివానకి కలిసి జారుడుగా తయారవుతాయి, ఆ మొదటి అరగంటలో ఎన్ని బండ్లు గుద్దుకుంటాయో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఉండేవాళ్లని అడుగు.

ఇప్పుడు పేర్లు. ఎక్కువ కాలం మన్నే రకంలో అపోలో అమేజర్ 4జీ లైఫ్, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ డ్యూరాప్లస్, సియట్ మైలేజ్ లాంటివి. గట్టి రబ్బరు, ఊళ్లో ట్యాక్సీ తిప్పేవాళ్లకి, రోజంతా గోపాలపట్నం నుంచి జగదాంబ మధ్య నలభైలో తిరిగేవాళ్లకి డబ్బుకి తగ్గ టైర్లు, వాటిని నేను తక్కువ చెయ్యను. వారం వారం హైవే మీద వందలో వెళ్లేవాడికి మాత్రం నేను ఇవ్వను. టూరింగ్ రకంలో మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ నెమ్మదైన టైరు, శబ్దం తక్కువ, తడిలో నమ్మకం, ధర మాత్రం గట్టిగా ఉంటుంది. కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ యూసీ6 తడి బ్రేకుల్లో నాకు బాగా నచ్చిన టైరు, దొరికితే నీకు మొదట చెప్పేది అదే. యోకోహామా బ్లూఎర్త్ జీటీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, గుడ్‌ఇయర్ ట్రిపుల్‌మ్యాక్స్ కూడా ఇదే కోవ. బడ్జెట్ దిగాలంటే అపోలో ఆల్నాక్ 4జీ, సియట్ సెక్యూరాడ్రైవ్ చూడు, నీ సైజులో ఏది ఉందో షాపులో అడగాలి. ఎంఆర్ఎఫ్ గురించి మనవాళ్లకి ఎంత నమ్మకమో తెలిసిందే, గుంతల రోడ్లలో దెబ్బలకి ఓర్చుకుంటుంది, అది నిజం. కానీ ఎంఆర్ఎఫ్ అంటే ఒకే టైరు కాదు, జడ్‌వీటీవీ వేరు, పెర్ఫింజా వేరు, మోడల్ పేరు అడిగి తీసుకో. పైలట్ స్పోర్ట్ లాంటి పెర్ఫార్మెన్స్ టైర్లు బాలెనోకి అక్కర్లేదు, అవి పట్టు కోసం మెత్తగా చేసినవి, త్వరగా అరుగుతాయి, ఆ పట్టుని వాడుకునే బండీ కాదు, మన రోడ్లూ కావు.

అచ్యుతాపురంలో ఉన్న యోకోహామా టైర్ల ఫ్యాక్టరీ నుంచి చౌకగా ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకు.  

కొనే ముందు తేదీ చూడటం మరిచిపోకు. సైడువాల్ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత చివర్లో నాలుగంకెలు చిన్న గుండ్రటి గడిలో ఉంటాయి. 1225 అంటే 2025లో పన్నెండో వారం. ఒక్కోసారి ఆ అంకెలు ఒక వైపే ఉంటాయి, బిగించాక లోపలి వైపు వెళ్లిపోతే కనపడవు, అందుకే బిగించకముందే నాలుగూ నేల మీద పెట్టించి చూసుకో. 2020 జూన్ నుంచి బయటి దేశాల టైర్ల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి, కొన్ని సైజులు దొరకడం కష్టమైంది, దాంతో ఎక్కడో గోడౌన్‌లో పడున్నవి డిస్కౌంట్ అని అంటగట్టేవాళ్లు ఉంటారు. ఏడాది లోపువి తీసుకో. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 15633 అన్న అంకె ఉన్నాయో లేదో కూడా చూడు. వాడకంలో ఐదేళ్లు దాటాక బటన్లు ఎంత ఉన్నా ఏటా ఒకసారి విప్పి చూపించుకోవాలి, పదేళ్లు దాటింది ఎలా కనిపించినా తీసెయ్యాలి అన్నది టైరు కంపెనీలే చెప్పే మాట. మన ఎండకి, ఆరుబయట పార్కింగ్‌కి రబ్బరు ఇంకా ముందే ఎండిపోతుంది, గాడుల అడుగున, సైడువాల్ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే పదేళ్ల దాకా చూడక్కర్లేదు. స్టెప్నీని ఎవరూ చూడరు. దాని తేదీ, గాలి కూడా చూడు, చిన్న సైజు స్టెప్నీ అయితే దాని మీద 80 దాటి వెళ్లకు.

సైజు పెంచమని ఎవరైనా అంటే వద్దను. నీ టైరు సైజులో ఉన్న 55 సిరీస్ అంటేనే సైడువాల్ పొట్టిది, ఇంకా తగ్గించి రిమ్ పెద్దది వేస్తే గుంతలో పడ్డప్పుడు రిమ్ అంచుకీ రోడ్డుకీ మధ్య టైరు నలిగి లోపలి దారాలు తెగుతాయి, కొన్నాళ్లకి సైడువాల్ మీద కోడిగుడ్డంత బుగ్గ వస్తుంది. బుగ్గ వచ్చిన టైరుకి రిపేరు లేదు, ఎవరు చేస్తామన్నా చేయించకు. మామూలు ధరలో నీ సైజు నచ్చిన మోడల్ దొరక్కపోతే నాలుగు రోజులు ఆగు, వేరే సైజుకి పోకు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. బాణం గుర్తు ఉన్న టైరైతే బాణం ముందుకి తిరిగే దిక్కుకి ఉండాలి, అవుట్‌సైడ్ అని రాసి ఉంటే ఆ వైపు బయటికి. హడావిడిలో తిరగేసి బిగించేస్తుంటారు, అలా వేస్తే నీళ్లు బయటికి తోసే గాడులు తమ పని చెయ్యవు. ఇప్పుడు నాలుగింటికీ డబ్బు సర్దుబాటు కాకపోతే రెండే వేయించు, కానీ ఆ కొత్త రెండూ వెనక వేయించు. ముందు చక్రాలు లాగే బండి కదా, కొత్తవి ముందు వెయ్యాలి అని షాపులో అంటారు. తడిలో ముందు జారితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది, వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, మామూలు డ్రైవర్ దాన్ని అదుపు చెయ్యలేడు. కొత్త టైర్ల మీద మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లు, అచ్చు నుంచి తీసేటప్పుడు పూసిన జారుడు పదార్థం పైన ఉంటుంది, అది అరిగేదాకా పూర్తి పట్టు రాదు.

మధురవాడ నుంచి నువ్వు ఎలాగూ ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లైన్ల రోడ్డే పట్టుకుంటావు. ఆ రోడ్డు బాగుంటుంది, అందుకే వేగం తెలియదు. నాలుగు, అంతకు మించి లైన్లున్న హైవే మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100, అదే చాలు. ఎనభై నుంచి నూరుకి వేగం పెరిగేది పాతిక శాతమే, బ్రేకు వేశాక ఆగే దూరం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. మే నెలలో వీలైతే తెల్లవారుజామున బయలుదేరు. విశాఖలో సముద్రం దయ వల్ల 35, 36 దగ్గర ఆగిన రోజు కూడా తుని దాటాక 40 పైన ఉంటుంది. గంటన్నర నడిపాక ఎక్కడైనా ఆగినప్పుడు దిగి నాలుగు టైర్ల సైడువాల్ మీద అరచేతి వెనక వైపు ఆనించి చూడు. అన్నీ వేడిగానే ఉంటాయి, నాలుగూ ఒకేలా ఉంటే ఫర్వాలేదు. ఒక్కటే మిగతావాటికన్నా స్పష్టంగా వేడిగా ఉంటే అందులో గాలి తక్కువైనా ఉండాలి, ఆ చక్రం బ్రేకు పట్టేసైనా ఉండాలి. రెండింట్లో ఏదైనా అక్కడే తేల్చుకుని కదలాలి. గుర్తుంచుకో, గాలి తక్కువుందని తేలితే నింపు, కానీ ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది అన్నది చూడకుండా హైవే ఎక్కకు. వేడెక్కిన టైరు మీద నీళ్లు పోసి చల్లార్చే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల లోపలి వేడి తగ్గదు.

అరకు ఘాట్ వేరే లెక్క. ఎస్.కోట దాటి ఎక్కేటప్పుడు కంటే డముకు, అనంతగిరి వైపు నుంచి దిగేటప్పుడే టైర్లకి కష్టం. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే బ్రేకుల వేడి రిమ్‌కి, అక్కడి నుంచి టైరు అంచుకి ఎక్కుతుంది. రెండో గేరు, మూడో గేరులో ఇంజిన్ పట్టు మీద దిగు. ఆ మలుపుల వల్ల ముందు టైర్ల భుజాలు త్వరగా అరుగుతాయి కాబట్టి పది వేల లోపే ముందూ వెనకా మార్పిడి చేయించుకో, అలైన్‌మెంట్ కూడా అప్పుడే చూపించు. టైరు ఒక వైపే రంపపు పళ్లలాగా చేతికి తగులుతుంటే అలైన్‌మెంట్ తప్పినట్టు, అప్పటికి ఎంత మంచి టైరైనా తడిలో సగం వెడల్పే పనిచేస్తుంది.

బిల్లు మీద మోడల్ పేరు, సైజు, నాలుగు టైర్ల తేదీ అంకెలు రాయించుకుని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకో, రేపు తయారీ లోపమని క్లెయిమ్ పెట్టాల్సొస్తే మొదట అడిగేది అదే. నీ పాత టైర్లకి భుజం దగ్గర, మధ్యలో ఎంత లోతు మిగిలిందో కొలిపించి ఆ అంకెలు ఇక్కడ రాయి, అరుగుదల తీరు చూస్తే కొత్తవి వేసే ముందు సస్పెన్షన్‌లో ఏదైనా చూపించుకోవాలో లేదో చెప్తాను.